నేనెవరిని, ఎందుకున్నాను? ఎఫెసీ పత్రికతో ఆరు వారాల సాధన

"నా జీవితంలో దేవుని చిత్తం ఏమిటి?" యూత్ మీటింగులో ప్రశ్నలు చీటీ మీద రాసివ్వమంటే తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. చీటీ రాసినవాళ్లను పక్కకు పిలిచి అడిగితే అసలు సంగతి బయటపడుతుంది: ఏ కోర్సు తీసుకోవాలి, ఏ ఉద్యోగానికి వెళ్లాలి, ఎవరిని చేసుకోవాలి. ఈ మూడూ తేలిపోతే తామెవరో కూడా తేలిపోతుందని వాళ్ల నమ్మకం. బైబిల్ చెప్పే వరస దీనికి తలకిందులు. నువ్వెవరివో ముందు, ఏం చేయాలో తర్వాత. ఈ వరస తప్పితే ప్రతి పరీక్షా ఫలితమూ, కుదరక పోయిన ప్రతి సంబంధమూ మన విలువ మీద తీర్పులాగే వినిపిస్తుంది.

ఆ వరస కళ్లకు కట్టినట్టు కనిపించేది ఎఫెసీయులకు రాసిన పత్రికలో, అంటే ఎఫెసు సంఘానికి పౌలు రాసిన ఉత్తరంలో. మొత్తం 6 అధ్యాయాలు, 155 వచనాలు. మొదటి మూడు అధ్యాయాల్లో పౌలు నేరుగా ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటే, "జ్ఞాపకము చేసికొనుడి" అని (2:12, అంటే 2వ అధ్యాయం 12వ వచనం). మిగతా ఆజ్ఞలన్నీ 4వ అధ్యాయం నుంచి మొదలై చివరిదాకా కుండపోతగా వస్తాయి. అందుకే ఈ సాధనకు ఆ పత్రికను తీసుకున్నాం.

కావలసినవి

వంద పేజీల రూళ్ల నోట్‌బుక్ ఒకటి, నీలం పెన్ను, ఎర్ర పెన్ను, కాగితం మీద అచ్చయిన బైబిల్. ఫోన్‌లో బైబిల్ వద్దనడానికి భక్తితో పనిలేదు. వచనం మధ్యలో వాట్సాప్ మెసేజ్ వస్తుంది, అంతే. పాత తెలుగు అనువాదం గ్రాంథికం కాబట్టి మింగుడు పడకపోతే వాడుక భాషలో వచ్చిన అనువాదం పక్కన పెట్టుకోండి. పాతదాన్ని మాత్రం పూర్తిగా వదలకండి. ఎందుకో కింద తెలుస్తుంది.

రోజుకు 25 నిమిషాలు: చదవడానికి 5, రాయడానికి 15, ప్రార్థనకు 5. సోమవారం నుంచి శుక్రవారం దాకా. శనివారం ఆ వారం రాసింది తిరిగి చదువుకోవాలి, కొత్తగా ఏమీ రాయకూడదు. ఆదివారం నోట్‌బుక్ ఇంట్లోనే ఉంచి గుడికి వెళ్లండి.

మొదటి వారం: మొదటి పేజీ

పేజీని నిలువుగా మూడు భాగాలు చేయండి. ఎడమ భాగంలో "నేను" అని మొదలుపెట్టి పన్నెండు వాక్యాలు రాయాలి. ఎలా ఉంటే బాగుంటుందో కాదు, లోపల రోజూ వినిపించేది రాయాలి. ఉదాహరణకు:

నేను ఫలానావారి రెండో అమ్మాయిని.
నేను ఇంటర్ తప్పినదాన్ని.
నేను నల్లగా ఉంటాను.
మా ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే.
నేను లేకపోతే క్వయర్ నడవదు.

మధ్య భాగంలో ప్రతి వాక్యం ఎదురుగా, ఆ మాట మొదట ఎవరి నోట విన్నారో రాయండి. నాన్న, స్కూల్లో టీచరు, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు, లేదా మీకు మీరే. కుడి భాగంలో "రేపు ఇది పోతే నేనేమవుతాను?" అన్న ప్రశ్నకు జవాబు. "ఏమీ కాను, కాస్త బాధపడతాను" అని ఒక్క లైనులో తేలిపోయేవి కొన్ని ఉంటాయి. ఒకటి రెండింటి దగ్గర పెన్ను ఆగిపోతుంది. వాటి చుట్టూ ఎర్రగా గీయండి. ఇన్నాళ్లూ మీ బతుకు నిలబడి ఉన్నది వాటిమీదే. అవి చెడ్డవే కానక్కర్లేదు. కుటుంబం, చదువు, ఆఖరికి సేవ కూడా అందులోకి రావచ్చు. పాస్టర్లు, పాస్టర్ల పిల్లలు ఈ పేజీ రాస్తే ఎర్ర గీత ఎక్కువగా పడేది సేవ చుట్టూనే.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. సండే స్కూల్ నుంచి అలవాటైన నోరు కాబట్టి మొదటి లైనులోనే "నేను దేవుని బిడ్డను" అని రాసేస్తారు. మాట నిజమే. కానీ మొదటి రోజే రాసేస్తే మిగతా పదకొండు లైన్లూ దాని వెనక దాక్కుంటాయి. ఆ వాక్యాన్ని ఆరో వారం దాకా అట్టే పెట్టండి.

ఇదే వారంలో పత్రిక మొత్తాన్ని గట్టిగా, ఒక్క ఊపున మూడుసార్లు చదవాలి. ఒక్కోసారికి సుమారు అరగంట పడుతుంది కాబట్టి ఆ మూడు రోజులూ సమయం కాస్త పెంచుకోండి. అర్థం కానిచోట ఆగవద్దు. ఉత్తరం వచ్చినప్పుడు ముందు ఆసాంతం చదువుతాం కదా, అలాగే.

రెండో వారం: ఒకటో అధ్యాయం

ఎదురెదురు పేజీలు తీసుకోండి. ఎడమ పేజీకి "దేవుడు చేసింది" అని, కుడి పేజీకి "నేను చేయాల్సింది" అని పేరు పెట్టండి. 3 నుంచి 14 వరకు వచనాల్లోని క్రియలను ఒక్కొక్కటిగా తీసి, ఏ పేజీలోకి వస్తే అక్కడ రాయండి. మూల గ్రీకులో ఈ పన్నెండు వచనాలూ కలిసి ఒకే వాక్యం. ఆశీర్వదించడం, ఏర్పరచుకోవడం, కుమారులనుగా స్వీకరించడం, విమోచన, ముద్ర వేయడం. ఎడమ పేజీ నిండిపోతుంది. కుడి పేజీలోకి వినడం, విశ్వసించడం తప్ప రాయడానికి దాదాపు ఏమీ దొరకదు. దొరకలేదని దాన్ని నింపే ప్రయత్నం చేయకండి. ఖాళీగా ఉన్న ఆ పేజీని చూస్తూ ఐదు నిమిషాలు కూర్చోవడమే ఆ రోజు పని. మార్కుల చదువుల్లో పెరిగినవాళ్లకు ఇది కష్టమే.

రెండు మాటల దగ్గర ఆగండి. మొదటిది 5వ వచనంలోని స్వీకారం, అంటే దత్తత. దత్తతకు వెళ్లిన బిడ్డ ఇంటిపేరు మారుతుంది, ఆస్తిలో వాటా వస్తుంది. ఇందులో బిడ్డ సాధించింది ఏమీ లేదు, తీసుకున్నవాళ్లు తీసుకున్నారు. రెండోది 14వ వచనంలోని "సంచకరువు". ఇప్పుడు బయానా అంటాం. స్థలం కొనేటప్పుడు బయానా ఇచ్చినవాడు బేరం నుంచి వెనక్కి పోనని తన డబ్బుతోనే చెబుతున్నట్టు లెక్క. పరిశుద్ధాత్మను పౌలు ఆ మాటతో చెప్పాడు. పాత అనువాదాన్ని వదలొద్దన్నది ఇలాంటి మాటల కోసమే.

ఈ అధ్యాయంలో జరిగే పొరపాటు, వచనాన్ని నినాదం చేసుకోవడం. "నేను రాజు బిడ్డను, నాకు తక్కువేమిటి" అన్న ధోరణి. పత్రికలో ఉన్నది "నేను" కాదు, "మనము". తెలుగులో మనం అంటే వినేవాళ్లు కూడా లోపలే, మేము అంటే వాళ్లు బయట. ఇంగ్లీషు బైబిల్‌లో ఈ తేడా కనిపించదు. పిల్లలు ఇంగ్లీషులోనే చదివే ఇళ్లలో, ముఖ్యంగా విదేశాల్లో ఉన్నవాళ్లు, ఈ ఒక్క సంగతి పిల్లలకు తెలుగు బైబిల్ తెరిచి చూపించండి. 3:18లో కూడా క్రీస్తు ప్రేమ వెడల్పు, పొడుగు, లోతు, ఎత్తు గ్రహించేది "సమస్త పరిశుద్ధులతో కూడ" అనే ఉంది. గదిలో ఒంటరిగా కూర్చుని తేల్చుకునే వ్యవహారం కాదిది.

ప్రార్థనకు ఈ వారం సొంత మాటలు వెతుక్కోనక్కర్లేదు. 1:17-19లో పౌలు చేసిన ప్రార్థననే తీసుకుని "మీ మనోనేత్రములు" ఉన్నచోట మీ పేరు పెట్టి చదవండి. మర్నాడు అదే ప్రార్థన మీకు పడనివాళ్ల పేరుతో చేయండి.

మూడో వారం: రెండు, మూడు అధ్యాయాలు

2:1-10ని మూడు ముక్కలు చేయండి: మునుపు మీరు (1-3), అయితే దేవుడు (4-7), ఇప్పుడు మీరు (8-10). మూడింటి కింద మీ సంగతి మూడేసి లైన్లు రాయండి. "మునుపు" దగ్గర పేజీలు పేజీలు రాసి, తక్కిన రెండింటికీ చెరో లైను మిగల్చకండి. కొన్ని సాక్ష్య కూడికల్లో జరిగేది అదే.

10వ వచనంలో "ఆయన చేసిన పనియై యున్నాము" అన్నచోట గ్రీకు మాట పొయేమా. దీన్ని పట్టుకుని "మనం దేవుని కవిత్వం" అని ప్రసంగాల్లో చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది గానీ, ఆ మాటకు అక్కడ అర్థం చేతితో చేసిన పని, అంతే. కుమ్మరి చేసిన కుండ అనుకుంటే సరిగ్గా సరిపోతుంది. అదే వచనంలో ఉద్దేశం కూడా ఉంది: దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్‌క్రియలు, "వాటియందు మనము నడుచుకొనవలెనని". ఇక్కడినుంచి పత్రికలో నడుచుకోవడం అన్న మాట ఎక్కడ వచ్చినా ఎర్ర పెన్నుతో గీత గీయండి. 4:17, 5:2, 5:8, 5:15లలో దొరుకుతుంది. ఉద్దేశం అంటే చేరాల్సిన ఒక పెద్ద ఊరు అనుకుంటాం, పౌలు దాన్ని నడక అంటున్నాడు.

ఇక 2:14. "మధ్యగోడను పడగొట్టి". ఆనాడు అది యూదులకూ అన్యజనులకూ మధ్య ఉన్న గోడ. మన సంఘాల్లో గోడ ఏదో చెప్పనక్కర్లేదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఊరికి అవతల, పల్లెలో బతికే మాదిగలు. ఊరు వాళ్లను పిలిచే పిలుపు ఒకటి; పత్రిక వాళ్లను పిలిచింది "పరిశుద్ధులతో ఏకపట్టణస్థులును దేవుని యింటివారును" అని (2:19). వెలిలో ఉన్నవాళ్లకు ఏకపట్టణస్థులు అన్న మాట ఎంత బరువుగా వినిపించి ఉంటుందో ఊహించండి. ఈ వచనం కింద మీ జవాబు రాయాల్సిన ప్రశ్నలు మూడు: కులం వేరైన విశ్వాసి ఇంట్లో చివరిసారి ఎప్పుడు భోంచేశారు? మా సంఘంలో పెళ్లి సంబంధాలు దేన్నిబట్టి వెతుకుతారు? మా శ్మశానం ఎవరిది?

దీనితో ముడిపడినదే కాగితం మీది గుర్తింపు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ విస్తరించింది, క్రైస్తవులకు లేదు. క్రైస్తవ్యంలోకి వచ్చిన ఎస్సీలు మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీ కిందికి వస్తారు. ఫలితంగా సర్టిఫికెట్‌లో ఒక పేరు, సంఘం రిజిస్టర్‌లో ఒక పేరుతో బతికే కుటుంబాలు ఎన్నో. ఆ బరువు మీ ఇంట్లోనూ ఉంటే దాన్ని మొదటి పేజీలో ఒక లైనుగా చేర్చండి. చట్టం సంగతి వకీలుతో మాట్లాడుకోవాల్సిందే, ఈ నోట్‌బుక్ దాన్ని తేల్చదు. కానీ రాయకుండా దాచిన లైను మిగతా అన్నిటినీ లోలోపల తొలిచేస్తుంది.

నాలుగు, ఐదు వారాలు: "కాబట్టి" తర్వాత

4వ అధ్యాయం "కాబట్టి" అని మొదలవుతుంది. ఖాళీగా వదిలిన కుడి పేజీలు ఇప్పుడు నింపుకోండి. నాలుగో వారం 4వ అధ్యాయం, ఐదో వారం 5, 6 అధ్యాయాలు.

అన్నిటిలోకీ 4:28 దగ్గర ఎక్కువసేపు ఉండండి. రెండు రోజులు ఇచ్చినా దండగ కాదు. దొంగతో పౌలు మూడు మాటలు చెబుతున్నాడు: ఇకమీదట దొంగిలించవద్దు; తన చేతులతో మంచి పనిచేస్తూ కష్టపడాలి; ఎందుకంటే అక్కరగలవానికి పంచిపెట్టడానికి. నిన్నటిదాకా తీసుకున్న చేతులే రేపు ఇచ్చే చేతులవుతాయి. పత్రిక మొత్తంలో ఉద్యోగం ఎందుకు అన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు మరోటి లేదు. ఇందులో పేరు తెచ్చుకోవడం లేదు, "నా కల" లేదు, పంచడానికి చేతిలో ఏదో ఉండటం ఉంది.

ఈ అచ్చులోనే మీదొకటి తయారు చేసుకోండి. మూడు గడులు: మానేది, చేతులతో చేసేది, ఎవరికోసం. ఉదాహరణ: రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూడటం మానాలి, పదకొండింటికి పడుకుని ఉదయం ఒక గంట ముందు లేవాలి, ఆ గంట పక్కింటి పదో తరగతి పిల్లాడికి లెక్కలు చెప్పాలి. మూడో గడి ఖాళీగా ఉన్న తీర్మానాలు పది రోజుల్లో చల్లబడిపోతాయి. మానడం ఒక్కటే ఉంటే ఆ ఖాళీలోకి పాతదే తిరిగి వచ్చి కూర్చుంటుంది.

భార్యలు భర్తలకు లోబడి ఉండాలన్న 5:22 గురించి ఒక మాట. భార్యను కొట్టే మొగుళ్లకు నోటికి వచ్చిన వచనం ఇదొక్కటే. దాన్ని 21తో మొదలుపెట్టి 33 దాకా చదివితే భర్తకు చెప్పింది ఎక్కువ: క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించమని. దెబ్బలు తినడం ఎవరి పిలుపూ కాదు. ఇంట్లో హింస ఉంటే ఈ సాధన పక్కనపెట్టి ముందు భద్రమైన చోటికి వెళ్లండి. మహిళల హెల్ప్‌లైన్ 181.

ఆరో వారం: ఉద్దేశాన్ని పరీక్షించడం

మీ వరం ఏదో మీకన్నా మీ చుట్టూ ఉన్నవాళ్లకు ముందు తెలుస్తుంది. ముగ్గురిని అడగండి: సంఘ పెద్ద ఒకరు, పనిచేసేచోట లేదా కాలేజీలో ఒకరు, ఇంట్లోవాళ్లు ఒకరు. "నా గురించి మీరేమనుకుంటున్నారు" అని అడిగితే పొగిడి వదిలేస్తారు. ఇలా అడగండి: నేను చేసిన ఏ పని వల్ల మీకు నిజంగా మేలు జరిగింది? నేను ఏ పని మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తాను? నా మాటల్లో మిమ్మల్ని నొప్పించేది ఏది? జవాబులు అక్కడికక్కడే రాసుకోండి, వాదించకండి. మూడు జవాబుల్లో కలిసే మాట ఏదైనా ఉంటే దాన్ని నమ్మొచ్చు.

తర్వాత 30 రోజులకు ఒకే ఒక్క పని, వారానికి రెండు గంటలు. సండే స్కూల్లో ఆరుగురు పిల్లల తరగతి; చదువురాని ముసలావిడ పింఛను కాగితాలు మీసేవకో సచివాలయానికో తీసుకెళ్లి పూర్తి చేయించడం; ప్రభుత్వాసుపత్రిలో తోడు లేని రోగికి భోజనం. పని చిన్నదిగా, తేదీతో, ఒక మనిషి పేరుతో ఉండాలి. "యువతలో ఉజ్జీవం తేవడం" అని రాసుకుంటే ముప్పై రోజుల తర్వాత జరిగిందో లేదో ఎలా చెబుతారు?

ఉద్యోగం మానేస్తేనే పిలుపు అన్న అపోహ మనలో గట్టిగా ఉంది. కొరింథులో పౌలు అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు (అపొ. కార్యములు 18:3). 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి. ఎస్. అజరయ్య, కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లతో తమ చేయి తమ తలమీదే పెట్టించి రెండు మాటలు చెప్పించేవారు: నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ. మొదటి మాట గుర్తింపు, రెండోది ఉద్దేశం. అలా చెప్పిన రైతుకూలీలు మర్నాడు మళ్లీ పొలానికే వెళ్లారు, ఆ మాట పొలంలోనే చెప్పారు.

పూర్తికాల సేవ అన్న భారం నిజంగానే ఉంటే రాజీనామా రాసే ముందు నాలుగు పూర్తి చేయండి. సొంత సంఘంలో పెద్దల కింద ఏడాదిపాటు కనిపించని పని చేయాలి, అంటే కుర్చీలు వేయడం, చాపలు దులపడం, రోగులను చూసి రావడం. అప్పులు తీర్చాలి. భార్య లేదా భర్త మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి, ప్రార్థన పేరు చెప్పి ఒప్పించింది లెక్కలోకి రాదు. పెద్దలు తమ అభిప్రాయం కాగితం మీద ఇవ్వాలి. చిన్నప్పుడు జబ్బుచేస్తే అమ్మ "బతికితే సేవకు ఇస్తాను" అని మొక్కుకుందన్న కారణం ఒక్కటే చాలదు. మొక్కు అమ్మది, పిలుపు మీకు రావాలి.

ఎక్కడ తేడా కొడుతుంది

కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెట్టడం, గిద్యోను గొఱ్ఱెబొచ్చు నేలమీద పెట్టి మంచు దానిమీదే పడాలన్నట్టు గుర్తులు అడగడం. గిద్యోనుకు ఏం చేయాలో దేవుడు అప్పటికే చెప్పాడు (న్యాయాధిపతులు 6:14). బొచ్చు అడిగింది నమ్మకం చాలక. కానుక తీసుకుని భవిష్యత్తు చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లడం ఇంకో గొయ్యి. "నీకు విదేశీ యోగం ఉంది" అని వాక్యం పేరుతో చెప్పినా అది జాతకమే.

కొందరికి రెండో వారం అయినా ఏ మాటా లోపలికి దిగదు. నిద్ర పట్టదు, తిండి సహించదు, ఏడుపు ఆగదు. అది అవిశ్వాసం అని తమను తాము తిట్టుకుంటారు. 1 రాజులు 19లో ఏలీయా చావు కోరుకున్నప్పుడు దేవుడు చేసిన వరస చూడండి: ముందు నిద్ర, తర్వాత నిప్పుల మీద కాల్చిన అప్పము, నీళ్లు, మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం, నలభై రోజుల ప్రయాణం. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అన్న ప్రశ్న ఆ తర్వాతే. రెండు వారాలకు మించి ఇలా ఉంటే డాక్టరును కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు. ఉపవాస ప్రార్థనతో మందులు మాన్పించేవాళ్ల మాట వినకండి.

ఆరో వారం శుక్రవారం మొదటి పేజీ తిరిగి తీయండి. పన్నెండు లైన్లలో ఏదీ కొట్టేయకండి. ఇంటర్ తప్పిన మాట నిజమే. ప్రతి లైను కింద నీలం పెన్నుతో ఎడమ పేజీల్లోంచి ఒక్కో క్రియ, వచనం సంఖ్యతో రాయండి. ఎర్ర గీత ఉన్నవాటి కింద రెండేసి. అట్టే పెట్టిన వాక్యం ఇప్పుడు పేజీ అడుగున రాసుకోవచ్చు.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికని ఒక వచనం రాసిన వాగ్దాన కార్డు చేతికొస్తుంది. అది యిర్మీయా 29:11 అయితే, సమాధానకరమైన ఆ ఉద్దేశాలు బబులోను చెరలో ఉన్నవాళ్లకు చెప్పినవనీ, ముందు వచనంలోనే డెబ్బై ఏళ్ల గడువు ఉందనీ, 5 నుంచి 7 దాకా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోరండి అని ఉందనీ చూసుకోండి. ఏ వచనం వచ్చినా కార్డు వెనక దాని ముందు పది, తర్వాత పది వచనాల సంఖ్యలు రాసి ఈ నోట్‌బుక్‌లోనే పెట్టండి. జనవరి మొదటి వారం ఆ ఇరవై ఒక్క వచనాలు గట్టిగా చదివి, మళ్లీ ఎఫెసీ 1:1 తెరవండి.